దిష్టి ఆకు

పోయిన నెలలో తెలుగు సంఘం వాళ్ళు నన్ను ఆన్‌లైన్‌లో మాట్లాడమని పిలిచారు. "ఫ్రీలాన్స్ డిజైనర్‌గా నిలదొక్కుకోవడం ఎలా" అన్నది విషయం. సూరత్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, అందరూ తెర మీద చిన్న చిన్న గడుల్లో కూర్చుని నన్ను చూశారు. నడిపించిన అమ్మాయి పేరు మౌక్తిక, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. "వినోద గారు లింబాయత్ గల్లీల్లో పుట్టి పెరిగారు. లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయినా భయపడకుండా, ఒక్క కంప్యూటర్‌తో ఈ స్థాయికి వచ్చారు" అని ఆవిడ పరిచయం చేస్తుంటే, నాకు ఎవరో పోయిన మనిషి గురించి సంతాపసభలో చెబుతున్నట్టు అనిపించింది.

నేను కూడా తక్కువ తినలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. చెప్పిన టైముకు పని ఇవ్వండి, పని ఇచ్చిన పార్టీ నమ్మకం పోగొట్టుకోకండి, ఒకరికి ఇచ్చిన డిజైను ఇంకొకరికి ఇవ్వకండి అన్నాను. చివర్లో గొంతు కొంచెం తగ్గించి, "అన్నిటికంటే ముఖ్యం, మీ పనిలో మీదంటూ ఒక ముద్ర ఉండాలి" అన్నాను. చప్పట్ల బొమ్మలు పైకి తేలాయి. అప్పుడు ఊర్మిళ అనే పిల్ల, పదహారేళ్ళుంటాయేమో, అడిగింది: "అక్కా, మరి మీ ముద్ర ఏంటి?"

నేను కదలకుండా, నోరు సగం తెరిచి, కళ్ళు ఆర్పకుండా అలాగే కూర్చున్నాను. నెట్ ఆగిపోయిందనుకున్నారు. "వినోద గారి సిగ్నల్ పోయినట్టుంది" అని మౌక్తిక అనేదాకా ఊపిరి బిగపట్టి, తర్వాత ఫోను కట్టేశాను. ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆ పిల్లకు చేరదని నాకు తెలుసు, అందుకే రాయగలుగుతున్నాను.

నా ముద్ర నాది కాదు, సోమలింగం పెద్దబాపుది.

ఆయన మా బాపుకు సొంత అన్న కాదు. ఒకే ఊరు, ఒకే కులం, వరుసకు అన్న. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఇద్దరూ ఒకే రైల్లో సూరత్ వచ్చారు. మా బాపు మగ్గం దగ్గర నిలబడ్డాడు, పెద్దబాపు బల్ల ముందు కూర్చున్నాడు. ఎందుకంటే ఆయనకు గీత వచ్చు. జకార్డు మగ్గం మీద పువ్వు పడాలంటే ముందు ఆ పువ్వును గళ్ళ కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. గళ్ళు చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, అట్టలు మగ్గానికి కడతారు. ఆ గళ్ళు నింపే మనిషిని గ్రాఫ్ మాస్టర్ అనేవాళ్ళు. లింబాయత్‌లో మాస్టర్ అంటే పెద్దబాపు ఒక్కడే. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మాస్టర్ అన్న పిలుపు మిగిలింది, పని పోయింది. బమ్రోలిలో ఒక కార్ఖానాలో పదేళ్ళు కండెలు చుట్టాడు.

నాకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు బడి వదలగానే వాళ్ళింటికి పరిగెత్తేదాన్ని. పెద్దమ్మ లలితమ్మ అటుకులు వేయించి పెట్టేది, పెద్దబాపు తీగలు గీయించేవాడు. తీగకు ఆకులన్నీ ఒకే వైపు వాలాలి. కాని ఆయన గీసిన ప్రతి తీగలో ఒక్క ఆకు మాత్రం వెనక్కి తిరిగి ఉండేది. తప్పు పోయిందనుకుని ఒకసారి నేను చెరిపేశాను.

"ఏందే గిది? దిష్టి ఆకు తీసేసినవేందే?" అని నెత్తి మీద మొట్టాడు. "తప్పు లేని బట్ట మగ్గం మీద ఉండగూడదు బిడ్డా. దిష్టి తాకి పోగులు పట్‌పట్ తెగుతయి. మా తాత నేసేటప్పుడు ఒక పోగు తప్పిచ్చి నేసెటోడు. నేను ఒక ఆకు తప్పిస్త. గంతే."

చీర మొత్తానికి ఒక్కటే, అదీ కొంగు దగ్గర. రెండో ఆకు తిరిగితే అది దిష్టి కాదు, మొద్దుతనం అనేవాడు.

పెద్దయ్యాక నేను కంప్యూటర్ డిజైనింగ్ కోర్సు చేసి, రింగ్‌రోడ్ దగ్గర ఒక డిజైన్ స్టూడియోలో చేరాను. డిజిటల్ ప్రింటు చీరలకు డిజైన్లు చేసేవాళ్ళం. రెండు వేల ఇరవై మార్చి ఆఖరులో యజమాని ఫోన్ చేసి, "బేటా, హాలాత్ ఖరాబ్ హై" అన్నాడు. పరిస్థితి బాగాలేదు, రావద్దని. నాలుగేళ్ళ కొలువు నాలుగు మాటల్లో తీరిపోయింది.

మగ్గాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో పెరిగినదాన్ని, అది ఆగాక నాకు నిద్ర పట్టలేదు. కడోదరా దాకా హైవే మీద జనం మూటలతో నడుస్తున్నారని చెప్పుకునేవారు. మే నెలలో రైలు దొరికి అమ్మా బాపూ ఊరికి పోయారు. నేను పోనన్నాను. ఊళ్ళో నాకు ఏముంది, బీడీలు చుట్టడమా? సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి ఉంది, ఫోన్ ఉంది. సొంతంగా చేస్తాను అన్నాను. పొగరు అనుకోండి, ధైర్యం అనుకోండి, రెండూ ఒకే కుండలో ఉడుకుతాయి.

జూన్‌లో మార్కెట్ సగం తెరిచారు. మన్‌సుఖ్ సేఠ్ అనే చీరల వ్యాపారికి స్టూడియోలో ఉన్నప్పుడే నేను తెలుసు. వాట్సాప్‌లో డిజైన్లు పంపడం మొదలుపెట్టాను. రోజూ రెండు, మూడు. ఆయన చూసినట్టు నీలం గీతలు పడేవి, జవాబు వచ్చేది కాదు. ఒకరోజు ఫోన్ చేసి, "యే తో సబ్ కే పాస్ హై, బేటా" అన్నాడు. ఇలాంటివి అందరి దగ్గరా ఉన్నాయి, కొత్తది కావాలి అని.

కోపం వచ్చింది. కాని నిజమే అన్నాడు. నా గీత మంచిదే. అందరి గీత ఎంత మంచిదో అంతే మంచిది. ఇంటర్నెట్‌లో ఒక నెమలి, ఒక మామిడిపిందె తెచ్చి, రంగు మార్చి, అతికించి, దాన్ని డిజైన్ అనడం నాలుగేళ్ళుగా నేర్చుకున్న విద్య.

ఆ వారం పెద్దబాపు ఇంటికి వెళ్ళాను. కార్ఖానా మూత పడి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. నేను ఏమీ అడగలేదు. నా మొహం చూసి ఆయనే మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాడు.

"పదేండ్లాయె గా పెట్టె తియ్యక" అంది పెద్దమ్మ. "ఎలుకలు కొట్టినయో ఏమో."

ఎలుకలు కొట్టలేదు. నాఫ్తలీన్ ఉండలు వేసి, ఒక్కో కాగితం మధ్య పల్చటి గుడ్డ పెట్టి దాచాడు. కలువలు, చిలకలు, ఎక్కడా తెగకుండా పెట్టె అంత పొడుగున పాకే తీగలు. ఒక్కో కాగితం మూలన ముత్యాల్లాంటి అక్షరాలతో సోమలింగం అని, కింద సంవత్సరం. పంతొమ్మిది వందల తొంభై ఆరు, తొంభై ఎనిమిది. నేను నేర్చుకున్నదంతా దండగ అనిపించింది. ఆయన మీద ఈర్ష్య కూడా కలిగింది, అబద్ధం ఎందుకు.

"తీస్కపో బిడ్డా. గీ లోకంల మల్ల గివి నేసేదెవ్వడు. నువ్వన్న కంప్యూటర్ల ఎక్కియ్యి."

"నీకేం గావాలె పెద్దబాపూ?"

ఆయన పెద్దమ్మ వైపు చూడకుండా అన్నాడు. "నాకేం వద్దు. చీరల బుక్కు అచ్చేస్తరు గద, గండ్ల జర మూలకు, పెద్దగ కాదు, సోమలింగం అని ఏయించు. ముప్పై ఏండ్లు గీసిన. గిది సోమలింగం గీసిండని ఒక్కడన్న అనలె. మీ పెద్దమ్మకు సూపియ్యాలె."

"నాకు సూపిచ్చుడెందుకు, నాకు తెల్వదా" అంది పెద్దమ్మ. కాని ఆవిడ కళ్ళు మెరిశాయి. నేను ఒట్టు పెట్టాను. మా కులదేవుడు మార్కండేయుడి మీద ఒట్టు.

ఇరవైకి పైగా కాగితాలు తెచ్చుకున్నాను. స్కాన్ చేసి, గళ్ళు తీసేసి, గీతలు సాపు చేసి, రంగులు వేశాను. రంగులు నావి, అంతవరకు చెప్పుకోగలను. పంపిన మొదటి డిజైనుకే సేఠ్ వెంటనే ఫోన్ చేశాడు. "యే కహాఁ సే లాయీ?" ఎక్కడి నుంచి తెచ్చావు అని. నా నోట్లోంచి "బనాయా" అన్న మాట వచ్చేసింది. నేనే తయారు చేశాను. ఆయన ఒక కాగితం పంపాడు. ఈ డిజైన్లు నా సొంతం, కొత్తవి, ఇంతకు ముందు ఎక్కడా వాడనివి అని రాసి ఉంది. సంతకం పెట్టాను.

దీపావళికి ముందు చీరల బుక్కు తయారైంది. బుక్కంటే కేటలాగ్, మోడల్ అమ్మాయిలు చీరలు కట్టుకుని నిలబడ్డ పుస్తకం. సేఠ్ అల్లుడు ఫోన్ చేసి, ఈసారి డిజైనర్ పేరు కూడా వేద్దాం, లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఒక అమ్మాయి చేసిన డిజైన్లు అంటే బాగుంటుంది, పేరు ఎలా రాయాలి అని అడిగాడు. నేను అడగకుండానే తలుపు తెరుచుకుంది. సోమలింగం అని నాలుగు అక్షరాలు చెబితే సరిపోయేది. వినోద అన్నాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టాను కదా, వేరే పేరు చెబితే పని పోతుంది కదా, నా స్థానంలో ఎవరున్నా అదే చెప్పేవాళ్ళు కదా అని వందసార్లు అనుకున్నాను. ఎవరున్నా చెప్పేవాళ్ళు కాదు. నేను చెప్పాను.

పెద్దబాపుతో మాత్రం, "సేఠ్ పేర్లు ఏయనంటున్నడు పెద్దబాపూ, ఇంకో బుక్కుల ఏయిస్త" అన్నాను. ఆయన తల ఊపాడు. రెండు రోజుల తర్వాత కులసంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ బుక్కు మొదటి పేజీ పెట్టి, "మన ఆడబిడ్డకు అభినందనలు" అని రాశారు. పేజీ కింద గుజరాతీలో నా పేరు. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న మనిషికి గుజరాతీ చదవడం రాకుండా ఉంటుందా? ఆ ఆదివారం వెళ్ళినప్పుడు ఆయన ఒక్క మాటే అన్నాడు.

"నీ పేరు గుజరాతిల గూడ మంచిగ కనవడ్తుంది బిడ్డా."

వెటకారం కాదు. వెటకారమైతే నేను కూడా నాలుగు మాటలు అని బయటపడేదాన్ని.

రెండు వేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో అసలు గండం వచ్చింది. మా చీర ఒకటి, తామరతీగ కొంగు ఉన్నది, ఇంకో వ్యాపారి దగ్గర అచ్చు అలాగే దిగింది. చవక గుడ్డ మీద, కడోదరా వైపు ఏదో మిల్లులో ప్రింటు కొట్టించాడు. సూరత్‌లో కాపీ వింత కాదు, పొద్దున వచ్చిన డిజైనుకు సాయంత్రం తోబుట్టువులు పుడతాయి. కాని మన్‌సుఖ్ సేఠ్ ఊరుకోలేదు. మార్కెట్ పెద్దలు ముగ్గురు కూర్చుని తగవు తీర్చే పంచ్‌కు ఫిర్యాదు ఇచ్చాడు. నేను కూడా ఆ వ్యాపారిని నోరారా తిట్టాను. సిగ్గులేని దొంగ అన్నాను, ఇంకొకరి చెమట అమ్ముకుంటున్నాడు అన్నాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు అని మా అమ్మ అంటుంటుంది. ఆమె ఊళ్ళో ఉంది కాబట్టి సరిపోయింది.

మా దగ్గర సాక్ష్యం గట్టిగానే ఉంది. మా కొంగులో వెనక్కి తిరిగిన ఆకు వాడి కొంగులోనూ ఉంది. అదే చోట. సొంతంగా గీసినవాడికి అదే తప్పు అదే చోట పడదు కదా. కాని వాడు గట్టివాడు. ఇది పాత జకార్డు డిజైను, ఇరవై ఏళ్ళ క్రితం మా నాన్న దుకాణంలో ఈ ఆకుతో సహా చూశాను అన్నాడు. పాత డిజైను మార్కెట్లో ఊరుమ్మడి, ఎవరైనా వాడుకోవచ్చు. వాడి మాట నిజం. ఆ గదిలో నిజం చెప్పినవాడు వాడొక్కడే.

ఆ ఆకు నీ అలవాటేనని చెప్పే మనిషి ఎవరైనా ఉన్నారా అని పంచ్ అడిగింది. నీకు పని నేర్పిన కాకా ఉన్నాడన్నావు కదా, తీసుకురా అన్నాడు సేఠ్. ఆయన కళ్ళలో కూడా అనుమానం మొదలైంది. ఆ తగవు పోతే కొత్తదని పాతది అంటగట్టిన పోరిగా మార్కెట్ అంతా నా పేరు మారుమోగుతుంది. ఇంకెవడూ గుమ్మం ఎక్కనివ్వడు.

"పంచ్ ముంగట దిష్టి ఆకు గురించి జర చెప్పాలె పెద్దబాపూ" అని మాత్రమే చెప్పాను.

ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. చంకలో గుడ్డ సంచి. కరోనా అని లిఫ్ట్ ఆపేశారు, ఐదో అంతస్తు దాకా మెట్లు. మూడో అంతస్తు దగ్గర ఆయాసపడి ఆగాడు, మాస్కు కిందికి లాక్కుని నవ్వాడు.

"తెచ్చిన బిడ్డా. తామరతీగ అసలు కాయితం. తొంభై ఆరు అని ఏసి ఉన్నది, నా పేరున్నది. గీ కాయితం సూస్తె గా దొంగోడు నోరు తెరుస్తడా? పెద్దమనుషుల ముంగట పరిసి పెడ్త."

అప్పుడు అర్థమైంది నాకు. తనను పిలిచింది ఇన్నాళ్ళకు తన పేరు చెప్పించడానికే అనుకున్నాడు. అందుకే ఆ చొక్కా.

"పెద్దబాపూ, అది బయటికి తియ్యకు" అన్నాను.

"ఎందుకే?"

"పాతదని తెలిస్తె గెలిచేది ఆడు. పాతది ఎవ్వరిదైన అయితదంట. నేను కొత్తదని సంతకం వెట్టిన. నా బతుకు పోతది పెద్దబాపూ."

ఆయన గోడకు ఆనుకున్నాడు. మెట్ల మీద మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, దూరం పాటించండి అని ఎవరో అరుస్తున్నారు. ఆయన మాస్కు మళ్ళీ పైకి లాక్కున్నాడు, అందుకని ఆ మొహం నేను చూడలేదు. చూడకపోవడం నా అదృష్టం అనుకున్నాను ఆ రోజు.

"మరి ఏం చెప్పమంటవు?"

చెప్పాను. ఒక్కో ముక్కా అప్పజెప్పించుకున్నాను. చిన్నప్పుడు బడి పద్యం నాకు రాకపోతే ఆయన అప్పజెప్పించుకున్నట్టే.

పంచ్ గదిలో బల్లకు అడ్డంగా ప్లాస్టిక్ తెర కట్టారు. మధ్యలో కూర్చున్న ముసలాయన హిందీలో అడిగాడు, పెద్దబాపు హిందీలో చెప్పాడు. ఈ పిల్లకు చిన్నప్పుడు గీత నేర్పింది నేనే. ఆకు తిప్పడం ఈమె అలవాటు. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు గ్రాఫులు గీశాను, ఈ తామరతీగ ఇంతకు ముందు ఎక్కడా చూడలేదు. గొప్పగా చెప్పాడు, పని ఏది చేసినా ఒళ్ళు దాచుకోని మనిషి.

ముసలాయన తృప్తిగా తల ఊపి, "ఆ సంచిలో ఏముంది?" అన్నాడు. చూపించడానికి ఏదైనా తెచ్చావా అని మర్యాదకే అడిగాడు.

పెద్దబాపు సంచిని వెనక్కి జరుపుకున్నాడు. "కుఛ్ నహీ సాబ్. రద్దీ హై."

రద్దీ. కిలోల లెక్కన తూచి అమ్మే చిత్తు కాగితం.

మేము గెలిచాం. ఆ వ్యాపారి సరుకు వెనక్కి తీసుకున్నాడు. కాపీని పట్టించిన డిజైనర్ అని మార్కెట్లో నా పేరు పాకింది. కిందికి దిగాక ఆటో మాట్లాడతానంటే పెద్దబాపు వద్దన్నాడు, లింబాయత్ పోయే షేర్ ఆటో ఎక్కి, ముగ్గురి మధ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఏప్రిల్‌లో కరోనా రెండో దెబ్బ వచ్చింది. ఊళ్ళో అంబులెన్సుల మోత తప్ప ఏమీ లేదు. పెద్దమ్మకు జ్వరం వచ్చిందని తెలిసి మందులు మనిషితో పంపించాను, గుమ్మం దాకా వెళ్ళలేదు. అందరూ ప్రాణభయంతో తలుపులు వేసుకున్నారు. నేను మొహం చూపించక్కర్లేదు కదా అని వేసుకున్నాను. కరోనా చాలామందికి చాలా చేసింది, నాకు మాత్రం సాకు ఇచ్చింది.

ఆ తర్వాత అన్నీ కలిసొచ్చాయి. ఇంకో ముగ్గురు సేఠ్‌లు, వరాఛా వైపు ఒక కాంప్లెక్సులో చిన్న ఆఫీసు, నా పేరుతో బోర్డు, పని చేయడానికి ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళు కొత్తలో అడిగారు, ఈ ఆకు ఎందుకు తిరిగి ఉంది మేడమ్ అని. అది మన ముద్ర అన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మన అనేశాను.

పెద్దబాపు ఇచ్చిన కాగితాలు ఆ ఏడాది దీపావళికి అయిపోయాయి. నేను సొంతంగా నాలుగు డిజైన్లు చేసి, దిష్టి ఆకు పెట్టి మరీ పంపాను. సేఠ్ జవాబు ఆ పాత జవాబే: "యే తో సబ్ కే పాస్ హై." రెండు వారాల్లో కొత్త బుక్కుకు డిజైన్లు కావాలి అన్నాడు. ఆ రెండు వారాల మధ్యలోనే మౌక్తిక వాళ్ళ మీటింగ్, ఊర్మిళ ప్రశ్న.

మర్నాడు సాయంత్రం లింబాయత్ వెళ్ళాను. పెట్టెలో ఇంకా సగం ఉన్నాయని తెలుసు. కాళ్ళు పట్టుకుంటాను, ఈసారి పేరు వేయిస్తాను, నిజంగానే వేయిస్తాను అనుకుంటూ వెళ్ళాను. గల్లీ మొదట్లో ఒక మిరపకాయ బజ్జీల బండి, చుట్టూ జనం. నూనె మూకుడు ముందు లలితమ్మ పెద్దమ్మ. పక్కన స్టూలు మీద పెద్దబాపు. బమ్రోలి కార్ఖానా వాళ్ళు మళ్ళీ పనిలోకి తీసుకోలేదట, నాకు తెలియదు. నేను కనుక్కోలేదు కాబట్టి తెలియదు.

ఆయన ఒళ్ళో గళ్ళ కాగితాలున్నాయి. కత్తెరతో ఒక్కో కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తున్నాడు. గళ్ళ గీత మీదుగా, ఇటూ అటూ వెంట్రుకవాసి పోకుండా. పెద్దమ్మ ఒక ముక్క అందుకుని, బజ్జీలు వేసి, చుట్టి ఎవరికో ఇచ్చింది. చిలకల వరుస నూనెకు తడిసి అవతలి నుంచి కనిపించింది.

"పెద్దమ్మా, ఏం జేస్తున్నరు? అవి..."

"ఏమైందే? రద్దీయే గద." ఆవిడ మూకుడు మీద నుంచి తల ఎత్తలేదు. "మార్కెట్ల పెద్దమనుషుల ముంగట మీ పెద్దబాపే చెప్పిండంట గద. పేపరు కొనాల్నంటె పైసలు. ఇంట్ల ఇంత రద్దీ వెట్టుకోని కొనుడెందుకు? ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడ మల్లయ్య. పక్కకు జరుగు, నూనె చిల్లుతది."

నేను స్టూలు పక్కన కూర్చున్నాను. మురికి నేల మీదే. "పెద్దబాపూ, మిగిలినయి నాకియ్యి. నీ పేరు ఏయిస్త. ఈసారి ఒట్టు."

ఆయన కత్తెర ఆపాడు. నా వైపు చూశాడు. ఎంత మామూలుగా చూశాడంటే, పెన్సిల్ పట్టుకోవడం నేర్పిన రోజు కూడా అలాగే చూసి ఉంటాడు.

"నీకెందుకు బిడ్డా గీ పాతయి. నువ్వు కొత్తయి గీస్తవు గద."

అంతే. మళ్ళీ కత్తెర ఆడింది. నేను బజ్జీలు ఇమ్మన్నాను. ఆయనే ఒక ముక్క ఏరి పెద్దమ్మకు అందించాడు. "ఉప్పు జల్లియ్యనా?" అన్నాడు నాతో.

ఇంటికి వచ్చి బజ్జీలు పక్కన పడేసి, కాగితం మీద పిండి చల్లి నూనె పీల్పించాను. మొగలిపూల తీగలో పావు వంతు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆయన మళ్ళీ ఏరి ఇచ్చాడు, అదే తీగలో రెండో పావు. మూడో రోజు మూడోది. అప్పుడు గ్రహించాను, ఆయన నాకోసం వరుసగా పెడుతున్నాడని. జాలో, శిక్షో నేను అడగలేదు. వరాఛాలో బోర్డు ఉన్న డిజైనర్‌ని, రోజూ ఆటోలో లింబాయత్ వెళ్ళి, వరుసలో నిలబడి, తినలేని బజ్జీలు కొనుక్కొస్తున్నాను. మా ఆఫీసు అమ్మాయిలు మేడమ్‌కు బజ్జీలంటే ప్రాణం అనుకుంటున్నారు.

నాలుగో రోజు నాలుగు ముక్కలూ బల్ల మీద కలిపి పెట్టాను. మూలన సోమలింగం అన్న పేరు, కింద సంవత్సరం, నూనె మరకలో కూడా చక్కగా కనిపిస్తోంది. స్కాన్ చేసి ఆ మూలను నేనే తీసేశాను. ఒట్టు వేసి వారం కూడా కాలేదు.

తీగ అంతా సరిపోయింది. కొంగు దగ్గర మాత్రం వేలి గోరంత చదరపు రంధ్రం. కత్తెరతో, గళ్ళ వెంబడి, శుభ్రంగా కోసినది. ఆకులన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. తిరిగిన ఆకు ఒక్కటే లేదు. దాన్ని మాత్రం ఆయన తన దగ్గరే ఉంచుకున్నాడు.

కంప్యూటర్లో ఆకును తిప్పడం ఒక్క నొక్కు పని. పక్క ఆకును తెచ్చి రంధ్రంలో పెట్టి తిప్పాను. కొంచెం జరిపాను, కొంచెం వంచాను, మళ్ళీ తిప్పాను. ఒక పూటంతా తిప్పాను. అది దిష్టి ఆకులా లేదు, తప్పులా ఉంది.

అలాగే పంపించాను. సేఠ్ వెంటనే ఫోన్ చేసి, "బహుత్ నయా హై, బేటా" అన్నాడు. చాలా కొత్తగా ఉందట.